రోజు విడిచి రోజు

అన్న పోయి, దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయిన మరునాడు అమ్మ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "నేను గట్ల జేసినందుకేనా బిడ్డా?" అని. నేను కాదన్నాను. ఆ ఒక్క మాట నిలబడాలని ఆ తర్వాత నెలల తరబడి నోరు అదుపులో పెట్టుకుని బతికాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లకి అది ఎంత కష్టమో అర్థమవుతుంది.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. నాచారంలో మా గల్లీవాళ్లు మాత్రం నన్ను "పురుగులను సాకే పిల్ల" అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఆలోచిస్తే అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున వెళ్లి బాక్టీరియాకు తిండి కలుపుతాను, వెచ్చగా ఉంచుతాను, బాగా పెరిగాక వాటి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తాను. ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో మా మేడమ్‌కు చెబుతాను. సాకేదీ నేనే, చంపేదీ నేనే.

పుండు మీద పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ రావడం అందరూ చూసే ఉంటారు. ఆ నురగ కాటలేజ్ అనే ఎంజైము పని. విషంలాంటి పెరాక్సైడ్‌ను అది నీళ్లుగా, గాలిగా విడగొట్టేస్తుంది. మన ఒంట్లోనూ ఉంటుంది, బాక్టీరియాలోనూ ఉంటుంది. అయితే బాక్టీరియా పిసినారిది. అవసరం లేనప్పుడు ఆ ఎంజైమును కొంచెమే చేసుకుంటుంది. అవసరం వచ్చిందని దానికి చెప్పడానికి లోపల ఒక ప్రోటీన్ ఉంటుంది. మేడమ్ దాన్ని కాపలావాడు అనేవారు. ఆ ప్రోటీన్‌లో గంధకం ఉన్న చోట్లు రెండున్నాయి. మామూలప్పుడు ఎడంగా ఉంటాయి. పెరాక్సైడ్ లోపలికి రాగానే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ప్రోటీన్ ఆకారం మారిపోతుంది, మారిన ఆకారంతో అది కాటలేజ్ జన్యువును, దానితోపాటు మరికొన్ని జన్యువులను లేపి పనిలో పెడుతుంది. గండం గడిచాక ఆ పట్టు విడిపోతుంది, జన్యువులు మళ్లీ నెమ్మదిస్తాయి.

నేను ఏళ్ల తరబడి చేసిన ప్రయోగం ఒకటే. ఒక సీసాలో బాక్టీరియాకు ఒకేసారి చచ్చేంత పెరాక్సైడ్ పోస్తాను. చస్తాయి. ఇంకో సీసాలో ముందు చాలా కొంచెం పోసి, కాసేపు ఆగి, అప్పుడు చచ్చేంత పోస్తాను. అవి చావవు. కొద్దిపాటి దెబ్బ తిన్నప్పుడే ఎంజైములు చేసి పెట్టుకుంటాయి కాబట్టి పెద్ద దెబ్బకు తట్టుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది. ఇంటికొచ్చి అన్నకు చెప్తే, "మన ఫ్యాక్టరీల గూడ గంతే చెల్లె. ఒక్కపారి తిడితే పని మానేస్తరు, రోజు తిడితే అలవాటైతది" అన్నాడు.

అన్న నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు పోసే యూనిట్‌లో మిషన్ మీద పనిచేసేవాడు. నాన్న పోయాక మమ్మల్ని జనగామ పక్క నుంచి ఇక్కడికి తీసుకొచ్చింది వాడే. నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది కూడా వాడే, అయితే ఆ మాట వాడి నోట ఒక్కసారి కూడా వినలేదు. రోజంతా ఆ వేడి మిషన్ పక్కన నిలబడి, సాయంత్రం వచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చుని, షిఫ్టు దిగి వచ్చేవాళ్లందరినీ పేరుపేరునా పలకరిస్తూ ఉండేవాడు. దగ్గు మొదలైనప్పుడు ప్లాస్టిక్ పొగ అనుకున్నాం. రాత్రిపూట చెమటలు, జ్వరం, బట్టలు వదులవడం చూసి నేనే బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను. టీబీ అన్నారు.

నేను బెదరలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఎందుకంటే ఆ జబ్బు మందు సంగతి నాకు తెలుసు. రోజూ మింగే ఆ మాత్రల్లో ఐసోనియాజిడ్ అని ఒక మందు ఉంటుంది. అది ఉత్తగా ఉన్నంతసేపు క్రిమిని ఏమీ చేయదు. క్రిమి లోపలికి వెళ్లాక, ఆ క్రిమి తన రక్షణ కోసం చేసుకున్న కాటలేజే దాన్ని విషంగా మారుస్తుంది. దాని వేలితో దాని కన్నే పొడిచినట్టు. ఇదంతా అన్నకు మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"అంటే నువ్వు సాకేదే నన్ను బతికిస్తదన్నట్టు" అని నవ్వాడు.

"అంతే. రోజూ మింగాలి. ఒక్కరోజు కూడా ఇడువొద్దు" అన్నాను.

ఆశా కార్యకర్త అక్క నెలకు సరిపడా మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చేది. మందు మింగించే బాధ్యత ఇంట్లో ఒకరి మీద పెట్టాలంటే అమ్మ ముందుకొచ్చింది. నాకన్నా నమ్మకస్తురాలు ఎవరున్నారు అన్నట్టు చూసింది. నేను పొద్దున్నే ఆటో పట్టుకుని హబ్సిగూడ వెళ్లిపోతాను, కాబట్టి సరే అనుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి అన్న ముఖంలో కళ వచ్చింది, ఆకలి పుట్టింది, మళ్లీ పనికి పోయాడు. అమ్మ దిష్టి తీసింది.

అప్పుడు ఎండాకాలం వచ్చింది. నాచారం ఎండ మామూలుది కాదు. రేకుల షెడ్లు, తారురోడ్డు, ఫ్యాక్టరీల గాలి. అన్న పనిచేసే చోట మిషన్ వేడి వేరే. దానికితోడు ఆ మాత్రల వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే, భయపడొద్దని ఆశా అక్క మొదట్లోనే చెప్పింది. అమ్మ విన్నది, తలూపింది, నమ్మలేదు. ఎర్రగా వస్తే వేడి చేసినట్టే. ఇది మా ఇంట్లో తరతరాలుగా ఉన్న శాస్త్రం. నోట్లో పొక్కులు, అరికాళ్ల మంట, తిండి సయించకపోవడం అన్నీ ఆ లెక్కలోకే వచ్చాయి.

ఒక ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అన్న టిఫిన్ తిన్నాక అమ్మ మాత్రలకు బదులు సబ్జా గింజలు నానేసిన నీళ్లు తెచ్చి ఇచ్చింది. మాత్రలేవని అడిగాను.

"ఇయ్యాల లేవు. నిన్న ఇచ్చిన, మల్ల రేపు ఇస్త" అంది.

"అదేంది? రోజూ వేయాలె గద."

"ఎండ జూస్తలేవా? రోజు మింగితె వాని పేగులు మాడిపోతయి. రోజిడ్సి రోజు ఇస్తున్న. మస్తు మంచిగుంది పానం. నువ్వు పరేషాన్ గాకు."

ఎప్పట్నుంచి అని అడిగాను. ఎండలు ముదిరినప్పట్నుంచి అంది. అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు, కొన్ని గుర్తున్నాయి, అవి ఇక్కడ రాయను. అమ్మ తలొంచుకోలేదు. నాకు ఎదురు చెప్పింది.

"మీ మామకు గీ రోగమే అచ్చింది. సర్కారోళ్లే డబ్బ ఇచ్చిన్రు. రోజిడ్సి రోజే ఏసుకొమ్మన్నరు. నేనే మింగిపిచ్చిన. మంచిగైండు, ఇయ్యాల్టికి ఎవుసం జేస్తున్నడు. నాకు తెల్వదా?"

ఆమె చెప్పింది నిజం. మామ రోజుల్లో మందులు అలాగే ఇచ్చేవారు. ఒక రోజు వేసి ఒక రోజు మానడమే అప్పటి పద్ధతి. అయితే అప్పటి మోతాదు పెద్దది, దాన్ని అలా వాడేందుకే లెక్కకట్టారు. ఆ తర్వాత పద్ధతి మారింది, రోజూ చిన్న మోతాదు ఇస్తున్నారు. అమ్మ కొత్త మాత్రలను పాత పద్ధతిలో వాడింది. అలా తమ్ముడిని బతికించుకుంది కాబట్టి కొడుకునూ బతికించుకుంటున్నాననుకుంది. మూర్ఖత్వం అయితే తిట్టి ఊరుకునేదాన్ని. ఆమెకు అనుభవం ఉంది, అదే కొంప ముంచింది.

"అమ్మనెందుకు తిడుతవే? నేను గూడ ఒద్దనలే. మానిన రోజు వాంతికి రాకుంట పనికి పోవుడైతుంది" అన్నాడు అన్న.

ఆ మరునాటి నుంచి అమ్మ రోజూ ఇచ్చింది. నేను పొద్దున బయల్దేరే ముందు నా కళ్లముందే మింగించేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది. కోర్సు ఇంకా పూర్తి కాకముందే దగ్గు తిరగబెట్టింది. తెమడలో క్రిములు మళ్లీ కనిపించాయి. ఈసారి తెమడను పెద్ద పరీక్షకు పంపారు. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, నేను ల్యాబ్‌లో పనిచేస్తానని తెలుసు కాబట్టి పేరుతో సహా చెప్పాడు. ఐసోనియాజిడ్ పనిచేయడం లేదట. క్రిమిలో కాట్‌-జి అనే జన్యువు చెడిపోయిందట.

కాట్‌-జి అంటే కాటలేజ్ జన్యువే. నేను పొద్దున లేస్తే ఏ జన్యువు ఎప్పుడు లేస్తుందో, ఎంతసేపు పనిచేస్తుందో కొలుస్తానో, అదే పేరు. డాక్టరు ఇంకేదో చెబుతున్నాడు. నేను రిపోర్టులో ఆ పేరే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను.

మరునాడు మేడమ్ గదికి వెళ్లి తలుపు వేసుకుని అంతా చెప్పాను. కోస్తా మనిషి, నెమ్మదస్తురాలు. నేను మొదట అడిగింది నా సీసాల గురించే. అమ్మ కొంచెం కొంచెం ఇచ్చి దానికి నేర్పించినట్టేనా, నేను రోజూ చేసే పనే అమ్మ ఇంట్లో చేసిందా అని.

"కాదమ్మా," అన్నారు మేడమ్. "నీ సీసాలో క్రిమి నేర్చుకుంటుంది. జన్యువును లేపుతుంది, పని అయ్యాక పడుకోబెడుతుంది. టీబీ క్రిమిలో ఆ కాపలావాడు ఎప్పుడో చెడిపోయాడు, నీకు తెలుసు కదా. ఇక్కడ జరిగింది నేర్చుకోవడం కాదు, ఏరివేత. కోట్ల క్రిముల్లో ఏ కొన్నిటికో కాటలేజ్ ముందే చెడిపోయి ఉంటుంది. మందు వాటిని ఏమీ చేయలేదు. మందులన్నీ కలిసి రోజూ పడితే అవీ పోతాయి. సందు దొరికితే అవే మిగులుతాయి."

"కాటలేజ్ లేకుండా అవి ఎట్లా బతుకుతయి మేడమ్? మన ఒంట్లో కణాలు వాటి మీద పెరాక్సైడే కదా పోసేది."

"బలహీనపడతాయి. కానీ కొన్ని ఇంకో ఎంజైము జన్యువును గట్టిగా పనిచేయించుకుని సరిపెట్టుకుంటాయి. ఇల్లు పోయినవాడు అద్దెకు గది చూసుకున్నట్టు."

ఇంకో మాట కూడా అన్నారు. ఆ క్రిమి మొదట్నుంచీ అలాంటిదే అయ్యుండొచ్చు, మీ అన్నయ్యకు అంటించినవాడి ఒంట్లోనే చెడిపోయి ఉండొచ్చు, మొదటి పరీక్షలో ఆ మందు సంగతి చూడలేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరు అని. అది శాస్త్రం. ఓదార్పు కోసం చెప్పింది కాదు. కానీ అన్న ముఖంలో కళ రావడం, మాత్రలు మానడం, మళ్లీ వాడిపోవడం ఆ వరుసలో చూసినదాన్ని నేను. నాకు అనుమానం లేదు. ఇప్పటికీ లేదు.

మందులు మార్చారు. కొన్నాళ్లకు ఇంకో ముఖ్యమైన మందు కూడా పనిచేయడం మానేసింది. మళ్లీ మార్చారు. కొత్త మాత్రలకు వాడి చర్మం నల్లబడింది. పని మానేశాడు. మెట్ల మీద కూర్చునేవాడు గానీ, పలకరిస్తే దగ్గు వస్తుందని చెయ్యి మాత్రం ఊపేవాడు. షిఫ్టు దిగినవాళ్లు మొదట ఆగి మాట్లాడేవాళ్లు. తర్వాత చెయ్యి ఊపి పోయేవాళ్లు. తర్వాత కొందరు పక్క గల్లీలోంచి పోవడం మొదలుపెట్టారు. వాడు అది గమనించాడు. మెట్ల మీద కూర్చోవడం మానేశాడు.

నేను మాత్రం రోజూ ల్యాబ్‌కు వెళ్లేదాన్ని. జీతం ఆగితే గడవదు. సీసాల్లో బాక్టీరియా బతికిందని రాసుకునే ప్రతిసారీ అసహ్యం వేసేది. ఒకరోజు బాగా పెరిగిన సీసా ఒకదాన్ని పెరాక్సైడ్‌తో నింపేశాను. ప్రయోగం కాదు, కసి. నురగ మూతి దాకా పొంగి టేబుల్ మీద కారింది. మేడమ్ చూశారు. గుడ్డ తెచ్చి తుడిచారు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం అన్న నోట్లోంచి రక్తం పడింది. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని పెద్ద దవాఖానాకు తీసుకెళ్తుంటే తార్నాక దాటకముందే పోయాడు. ఆటో డ్రైవరు అద్దంలో చూసి బండి పక్కకు ఆపాడు. నేను పోనీయమన్నాను. పోనిచ్చాడు.

అమ్మ అడిగిన ప్రశ్న అప్పటిది. దినాలు అయిపోయాయి. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె గడప దగ్గర కూర్చుని నా ముఖంలోకి చూస్తూ అడిగింది. నేను ఎమ్మెస్సీ చదువంతా కూడగట్టుకుని మేడమ్ మాటల్లో నాకు అక్కరకొచ్చే సగం మాత్రం చెప్పాను.

"కాదమ్మా. ఆ క్రిమి మొదటి నుంచే అట్లాంటిది. నువ్వు రోజూ ఇచ్చినా గంతే అయ్యేది. పెద్ద డాక్టరు గూడ గదే చెప్పిండు."

డాక్టరు అలా చెప్పలేదు. అమ్మ "గట్లనా" అని లేచి లోపలికి పోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ ఒక్కసారికి పనికొచ్చిందనుకున్నాను. ఆమె నమ్మిందనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు గొడవ పడ్డా, ఆమె చాదస్తం ఎంత విసిగించినా, ఆ మాట మాత్రం నా నోటి నుంచి జారకుండా పళ్లు బిగబట్టుకున్నాను. ఆమెకు మిగిలింది ఆ నమ్మకమే. అది కూడా పోతే మనిషి దక్కదని భయం.

మళ్లీ ఎండలు ముదిరేసరికి అమ్మ పొద్దున్నే ఎక్కడికో వెళ్లడం మొదలుపెట్టింది. గుడికనుకున్నాను. నేను ల్యాబ్‌కు తయారయ్యేలోపు వచ్చేసేది. అడిగితే "గిట్లనే, పక్క గల్లికి" అనేది. ఒకరోజు ఆశా అక్క ఎదురై, మీ అమ్మ వల్ల నాకు సగం పని తప్పిందమ్మా అంది. పక్క గల్లీలో బట్టల ఫ్యాక్టరీకి పోయే కోడలు పిల్లకు టీబీ, ఆ పిల్లకు మాత్రలు సరిగ్గా పడటం లేదు, ఈ సంగతి మాటల్లో చెబితే అమ్మ ఆ ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుందట.

ఆ మరునాడు అమ్మ వెనకే వెళ్లాను. ఒక గది ఇల్లు. తలుపు తీసే ఉంది. కోడలు పిల్ల చాప మీద కూర్చుని ఉంది, అరచేతిలో మాత్రలు. అత్త గిన్నెలు తోముతూ, "ఎండల గింత వేడి మందులు రోజు మింగితె ఎట్ల తట్టుకుంటది? జర ఆపి ఆపి ఇస్తున్న" అంటోంది.

అమ్మ ఆ పిల్ల మింగేదాకా ఆగింది. నోరు తెరవమని చూసింది. అప్పుడు అత్త వైపు తిరిగింది.

"నేను గూడ గట్లనే ఆపి ఆపి ఇచ్చిన. నా కొడుకును నా చేత్తోనే సంపుకున్న" అంది.

ఏడవలేదు. రేపు నీళ్లు రావట అన్నంత మామూలుగా అంది. అత్త తోముతున్న గిన్నె కింద పెట్టింది. అమ్మ తల తిప్పి గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. తడబడలేదు, మాట మార్చలేదు. నేనే తడబడ్డాను. క్రిమి మొదటి నుంచే అట్లాంటిదని నీకు చెప్పిన గద అమ్మా అని ఏదో మొదలుపెట్టాను.

"నువ్వు జెప్పింది నా కోసం బిడ్డా. ఎరుకే నాకు," అంది అమ్మ. "గని గదే మాట నేను ఈడ జెప్పితె ఈ పిల్ల బతకది."